తరుగు

పొద్దున్నే నేను చూసే మొదటి ముఖం ఇన్వర్టర్‌ది.
ముక్కూ మూతీ ఉండవు దానికి, ఒక అంకె ఉంటుంది.
నజ్లా బట్టలు నానబెట్టాలా వద్దా,
నేను ఇస్త్రీపెట్టె ముట్టుకోవాలా వద్దా,
ఆ అంకే చెప్పాలి.

ట్రిపోలీ రేవు పక్కన, మా అల్ మీనాలో,
సర్కారు కరెంటు చుట్టపుచూపుగా వస్తుంది,
కాఫీ కప్పు ఖాళీ అయ్యేదాకా కూడా కూర్చోదు.
అందుకే కుట్టుమిషన్లు రెండు అమ్మి
మిద్దె మీద ఆరు పలకలు వేయించాను.

నలభై ఏళ్లు టేపు మెళ్లో వేసుకుని బతికినవాణ్ణి,
కొలవంది ఏదీ నమ్మను.
పాత కొలతల పుస్తకంలోనే,
పై అంతస్తు వదీ పెళ్లి కోటు,
ఛాతీ నలభై రెండు, నడుము ముప్పై ఎనిమిది,
బాకీ పదకొండేళ్లుగా అలాగే ఉన్న పేజీ వెనక
గీతలు కొట్టి రాస్తున్నాను:
వచ్చింది. వాడింది. మిగిలింది.
నాలుగో గడి సన్నగా, తరుగు.

గుడ్డలోనూ ఉంటుంది తరుగు,
మెడ దగ్గర, చంక దగ్గర
నెలవంకల్లా రాలే పీలికలు.
లెక్కకి అందే తరుగుతో నాకు పేచీ లేదు.

మార్చిలో ఎడారి నుంచి ఎర్రదుమ్ము వచ్చిన రోజు
రాబడి సగానికి పడింది.
తడిగుడ్డతో తుడిచాను.
జ్వరం దిగిన పిల్లాడు రొట్టె అడిగినట్టు
మధ్యాహ్నానికి అంకె లేచి కూర్చుంది.

ఆ వారమే మొదలైంది.
రాత్రి పదకొండుకి డెబ్బై నాలుగు.
ఫ్రిజ్, రూటర్, నడవాలో చిన్న బల్బు,
తెల్లారి అయిదుకి అరవై ఆరు ఉండాలి.
యాభై తొమ్మిది ఉంది.
మర్నాడూ ఏడే తక్కువ. ఆ మర్నాడూ ఏడే.
దొంగైతే ఒకరోజు ఎక్కువ తింటాడు, ఒకరోజు తక్కువ.
ఇది మందు వేసుకున్నట్టు వేళకి తింటోంది.

బ్యాటరీ ముసలిదైందన్నాడు అమ్మినవాడు.
ఫ్రిజ్ తలుపు రబ్బరు మార్చాను.
రూటర్ పీకేస్తే మా కరమ్ రెండు రోజులు మాట్లాడలేదు.
నజ్లా మాత్రం పప్పులో రాళ్లు ఏరుతూ
"ఏడంటే ఎంతని, నువ్వు మరీనూ" అంది, తల ఎత్తకుండా.
ఆ తల ఎత్తకపోవడం కూడా రాసుకోవలసింది.

ఒకటిన్నరకి లేచాను, చెప్పుల్లేకుండా.
వంటింటి కిటికీ సందులోంచి
నా ఇస్త్రీపెట్టె తీగే,
బట్టలారేసే తాడును పట్టుకుని పైకి పాకి
వదీ వాళ్లమ్మ బాల్కనీలోకి దూరింది.
వీధి జనరేటర్ వాడు ఒంటిగంటకి ఆపి మూడింటికి వేస్తాడు.
ఆ రెండు గంటలూ, పైన,
ఒక యంత్రం గుర్రుమంటూ గాలి పోగుచేసి
ఆమె ముక్కుకి అందిస్తోంది.

తీగ అతుకు మీద, వాన తగలకుండా,
నీలం ఉన్ని పీలిక చుట్టి కుట్టి ఉంది.
ఆ ముడి నాకు తెలుసు. నజ్లా ఎప్పుడూ రెండుసార్లు వేస్తుంది.

ఆమె నిద్రపోతోంది,
లేదా నిద్రపోతున్నట్టు ఊపిరి తీస్తోంది.
యంత్రం ఆగేదాకా పక్కనే పడుకుని విన్నాను.

తెల్లారి: యాభై తొమ్మిది.
తరుగు గడిలో సున్న చుట్టాను.
వాడింది గడిలో ఏడు కలిపాను.
పేజీ తిప్పి కోటు బాకీ చూశాను,
కొట్టెయ్యలేదు, అది వేరే లెక్క.

ఇస్త్రీ తీగ అంతసేపటికి వేడెక్కుతుంది.
సాయంత్రం బజారుకి వెళ్లి లావుది అడిగాను, పన్నెండు మీటర్లు.
కొట్టువాడు పదకొండున్నరకి కోయబోయాడు.
మళ్లీ కొలిపించాను.