కిలో ఎనిమిది రూపాయలు

మురకంబట్టు దాటినాక ఎడమపక్క
ఖాదర్ వలీ కట్టెల అడితి.
ఆదివారం పొద్దున్నే సంచీ, చేరంపం పట్టుకుని పోతాను.
"వచ్చినావా మొగిలప్పా,
మళ్ళీ నా పొయ్యికట్టెలకి పెళ్ళిచూపులా?"
అంటాడు, కాటా మీద చెయ్యి తియ్యకుండానే.

పెళ్ళిచూపులే.
జానెడు పొడుగు, బొటనవేలంత లావు,
నాకు కావాల్సింది అంతే.
దానికోసం టన్నుల కుప్ప తిరగేస్తాను.
కోసిన మొహం మీద తడివేలు రుద్దితే
అంతదాకా బూడిదరంగు ముసుగుతన్నిన కట్టె
గుటక వేసినంతసేపు కళ్ళు తెరుస్తుంది.
ఆ తడి ఆరేలోపల తేల్చుకోవాల.

మామిడి ముందుగా పలుకుతుంది.
బంగారుపాళెం తోపులోది,
తోతాపురి మూడు రూపాయలకి దిగిన ఏడు
కడుపు మండి కొట్టేసిన చెట్టు.
రెండు వానలు తిని మూలన పడుంటే
బూజు దాని ఒంట్లోకి నల్లదారం లాగింది,
నగరి మగ్గం మీద కూడా చూడని అంచు.
కొందరు పుచ్చిందంటారు.
పండినాక, పుచ్చకముందు, అంటాను నేను.
ఆ సందు ఇరుకు.
గోరు దిగిందా, వదిలెయ్యాల.

చింతచేవ మొండిది.
మూడు పెన్నులకే ఉలి అంచు తినేస్తుంది.
అయినా లోపలి ఆ ఊదారంగుకోసం ఓర్చుకుంటాను.
వేప పొట్టు నాలికమీద పడితే
మధ్యాన్నం సంగటి కూడా చేదే.
పనస తీసిన రోజు పసుపు,
ఏడాది జేబులో తిరిగితే బెల్లంపాకం.

ఎర్రచందనం అడిగేవాళ్ళూ ఉంటారు.
తిరుపతినుంచి ఒకాయన, చేతికి నాలుగు ఉంగరాలు,
గొంతు తగ్గించి, "ఎంతైనా ఇస్తా" అన్నాడు.
ఎంతైనా అనే మాటకి నా దగ్గర కొయ్య లేదు సామీ,
నూటయాభైకి ఉండాది, చూడండి, అన్నాను.
శేషాచలంలో నిలబడింది నిలబడే ఉండనీ.
ఆయన పోయినాక
లేతు చాలాసేపు ఊరికే తిరిగింది.

ఆరబెట్టే సంగతి చెప్పాల.
నిరుడు మార్చిలో తొందరపడి
పచ్చి సపోటాతో ఇరవై పెన్నులు తీసినాను,
పదో తరగతి పిల్లలకని సెల్వి టీచరు అడిగితే.
చిత్తూరు ఎండకి పదకొండు పగిలినాయి.
ఒకటి పరీక్ష హాల్లోనే టప్పుమందంట,
ఆ పిల్లోడు సగం పెన్నుతోనే గట్టెక్కినాడంట.
టీచరు డబ్బులు వెనక్కి అడగలేదు.
అదే ఎక్కువ గుచ్చుకుంది.
అప్పట్నించి ప్రతి ముక్క కొసకీ మైనం పూసి
సుద్దతో తేదీ రాస్తా ఉండా.
అటక నిండా తేదీలే,
క్యాలెండరు చింపి పేర్చినట్టు.

మొన్న తుమ్మముక్కలో ఉలి ఖంగుమంది.
మేకు.
ఏ బడ్డీకొట్టువాడో, ఏ ఎన్నికల బోర్డుకో
కొట్టి మరిచిపోయింది.
ఉలి పోయిందని తిట్టుకుంటా
రంపంతో చీల్చి చూస్తే
ఇనుము చుట్టూ నీలినలుపు.
మా తాత కరక్కాయా తుప్పూ కలిపి కాచిన సిరా,
అచ్చం అదే, నరంనరానికీ పాకింది.
ఎవరూ అడక్కుండా, పొయ్యి లేకుండా
ఆ తుమ్మ ఎన్నేళ్ళు కాచుకుందో.

అమ్మబుద్ధి కాలేదు. ఖాదర్‌కే తీసిచ్చినాను.
తిప్పితిప్పి చూసి,
"నా కట్టేనా ఇది?" అన్నాడు రెండుసార్లు.
వెలుతురులోకి పోయి మూడోసారి అన్నాడు.
ముప్పై ఏండ్లుగా ఆయన తూకం వేసిందే గాని
తడివేలు పెట్టి ఎన్నడూ చూడలేదు.
తర్వాత చెవిలోని ప్లాస్టిక్ పెన్ను పక్కనపెట్టి
లెక్కల పుస్తకం తెరిచి,
మీసం కింద నవ్వు దాచుకుంటా,
వంకర రాతతో మొదటి పద్దు రాసినాడు:

తుమ్మ, పాతిక గ్రాములు.
మొగిలప్ప బాకీ, ఇరవై పైసలు.