పిల్ల దేనికి నవ్వుతది?

కొండాపూర్‌లో మూడో అంతస్తు.
గోడమీద పసుప్పచ్చ సూర్యుడు,
గదికి మాత్రం కిటికీ లేదు.
ఫినాయిల్ వాసన, దాని కింద అరటిపండు వాసన.
అరలో పద్నాలుగు జతల బుల్లి చెప్పులుండాలి,
పదమూడున్నరే ఉన్నాయి.
మిగిలిన ఒక్క చెప్పూ చేత పట్టుకుని
తలుపు దగ్గర నిలబడి ఉన్నాడొకడు.
ఏడవడం లేదు. అదే నాకు నచ్చలేదు.

"పదిరోజుల్లో అలవాటైపోతుందండీ" అంది మేడమ్.
ఎవరికో చెప్పలేదు.
నెలకు పద్దెనిమిది వేలు, డైపర్లు మనవే,
సాయంత్రం ఏడు దాటితే ప్రతి పది నిమిషాలకూ రెండొందలు.
ఆలస్యానికి ఇంత కచ్చితమైన ధర
నేనింతకు ముందు ఎక్కడా చూడలేదు.

ఆదివారం వాచ్‌మన్ నర్సింలు
అంజిలమ్మను వెంటబెట్టుకొచ్చాడు.
ఊరు మక్తల్ దగ్గర, ఉండేది హఫీజ్‌పేట పట్టాల పక్కన.
కుర్చీ వేస్తే కొంగుతో దాన్ని తుడిచి
కింద కూర్చుంది.
నా ఫోన్‌లో తొమ్మిది ప్రశ్నలు:
ఆధార్ ఉందా, జ్వరమొస్తే ఏం చేస్తావు,
టీవీ పెడతావా, ఊరెళితే ఎన్నాళ్లకొస్తావు...
అన్నిటికీ "అట్లనే మేడమ్" అంది.
తర్వాత తనడిగింది, ఒక్కటే:
"పిల్ల దేనికి నవ్వుతది?"

నేను ప్రణీత్ వైపు చూశాను.
ప్రణీత్ వంటింటి వైపు చూశాడు.
మిహికకు పదకొండు నెలలు.
పూటకు ఎన్ని మిల్లీలీటర్లో చెప్పగలను,
ఏ టీకా ఏ తేదీనో చెప్పగలను.

ఆ "నవ్వుతది" మా అమ్మ మాట.
ఆఫీసు మెట్లెక్కేముందు రోజూ
నోట్లోంచి తీసి బ్యాగులో వేసుకుంటాను దాన్ని.
నా బిడ్డ అది వింటూ పెరగనీ అనుకున్నాను.
దాదాపు ఒప్పేసుకున్నాను.
టీ ఇస్తూ ఉత్త మాటవరసకే అడిగాను,
"మరి నీ పిల్లల్నెవరు చూసుకుంటారు?"
"చిన్నోడొక్కడే గద మేడమ్. మా పెద్దపిల్ల ఉన్నది."
"ఏం చదువుతోంది?"
"ఆరు చదివింది."

చదువుతోందా అని నేనడిగితే
చదివింది అని చెప్పింది,
గ్లాసు పైకొంగుతో పట్టుకుని టీ ఊదుకుంటూ.

ఆ రాత్రి కరెంటు బిల్లు వెనక గీత గీసి రెండు గళ్లు చేశాం.
అక్కడ కెమెరా ఉంటుంది అన్నాడు ప్రణీత్.
ఇక్కడ ఒడి ఉంటుంది అన్నాను.
అక్కడ నెలకో జలుబు.
ఇక్కడ చెప్పాపెట్టకుండా మానెయ్యడం.
ఆ పెద్దపిల్లను ఏ గడిలో రాయాలో
ఇద్దరికీ తెలియలేదు.

సోమవారం మిహికను మూడో అంతస్తుకే ఎక్కించాను.
మంచిపనే చేశాననుకున్నాను
కొత్తగూడ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దాకా.
అక్కడ ఎర్రలైటు తొంభై సెకన్లు.
నేను పెట్టుకోకపోతే
ఆ పిల్ల బడికి పోతుందా?
వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.
ఎప్పుడు పడిందో పచ్చలైటు.

అలవాటైంది. పదిరోజులకు కాదు, ఇరవై మూడుకి.
నాకింకా కాలేదు.
మీటింగులో ఫోన్ తెరిచి, పైనుంచి కనిపించే తలల్లో
నా తలను వెతుక్కుంటాను.
అంజిలమ్మ కోసమని ముందే కొని దాచిన కెమెరా
విప్పనే లేదు, దాని డబ్బా మిహిక కొరుకుతోంది.

అంజిలమ్మ ఇప్పుడు మా పై అంతస్తులో చేస్తోంది.
నిన్న లిఫ్టులో కలిసింది, చంకలో ఎవరి పిల్లాడో.
"తెలిసిందా మేడమ్?" అంది.
ఏమిటని నేనడగలేదు.
"కుక్కర్ కూతకు. అదీ మూడోదానికే.
మొదటి రెంటికీ బెదిరి నా మెడ పట్టుకుంటది."
పట్టుకుంటది అన్నాను. విన్నాను నేనే.
ఆమె పెద్దగా నవ్వింది,
ఏమర్థమైందో, చంకలో పిల్లాడూ నవ్వాడు.

నాకూ ఒకటి అడగాలని ఉంది.
పెద్దపిల్ల, అని మొదలుపెట్టాను కూడా.
ఆ తర్వాత ఏ కాలం వాడాలో తేలకముందే
మా అంతస్తు వచ్చేసింది.