తోక కొయ్యని దుంపలు

కౌనాస్‌లో అక్టోబరు ఆదివారం.
కుళాయి కింద బీట్‌రూట్ల మట్టి వదలగొడుతోంది దంగువోలె.
తోకలు కొయ్యదు, తోలు గీకదు.
ఒక్క గాటు పడితే చాలు
రంగంతా నీళ్ళపాలు.

ఉడికాయో లేదో చూడ్డానికి కత్తి గుచ్చదు,
బొటనవేలితో నొక్కుతుంది,
వారమంతా ఆస్పత్రిలో నరం వెతికినట్టే.

గంటంపావు.
కిటికీకి ఆవిరి, ఇల్లంతా తడిమట్టి వాసన.
చన్నీళ్ళలో రుద్దితే
పసివాడి మేజోడులా ఊడొచ్చింది తోలు.

సోమవారం పొద్దున్న
గ్లవ్స్ తొడుక్కోబోయే వేళ్ళు ఇంకా ఎర్రగానే.
చొక్కా చెయ్యి మడుస్తూ ఆగిపోయాడు ముసలి జెనోనస్.
"ఎవరిదమ్మా అది?"
"దుంపలది."
కాసేపు ఆలోచించాడు.
"వెనిగర్ ముందు పోస్తావా, దించాకా?"
"దించాక."
"అదే తప్పు! మా ఇంట్లో..."

ఎవరిది తప్పో తేలేలోగా
గొట్టం నిండిపోయింది.