జొయిలా తలకొలత

కుచీల్‌లో తెల్లారకముందే కూర్చుంటుంది జొయిలా,
ఎండ తగిలితే గడ్డి పెళుసెక్కుతుందని.
తడివేళ్ల కింద టొకీయా పోగులు
ఒకదాని మీదుగా ఒకటి, చప్పుడు లేకుండా.

నెలన్నరకి ఒక్క టోపీ.
సముద్రాలవతల ఎవరో దొరగారి కొలత.
ఆయన మొహం తెలీదు,
తల మాత్రం గుమ్మడికాయంత అని తెలుసు.

ఆదివారం సిగ్‌సిగ్ సంతలో దళారీ
దాన్ని వెలుగుకెత్తి, వేలితో మీటి,
"ఇక్కడ పోగు తప్పింది, సగం ధరే" అన్నాడు.
అల్లేవాళ్లకే టోపీ పెట్టడం
వాళ్ల తాతల నాటి విద్య.

ఇన్నేళ్లూ తలూపింది.
ఈసారి చెయ్యి చాచి వెనక్కి తీసుకుని
రెండు జడల మీద పెట్టేసుకుంది,
అంచు చుట్టూ కత్తిరించని పోచలతో సహా,
కోడిపుంజు మెడలా.

"అది మగాళ్లదే అత్తా" అని నవ్వింది
బస్సులో పక్క సీటు మరూహా.
"ఊఁ, వదులుగానే ఉంది" అంది జొయిలా.

కనుబొమల మీదికి జారుతుంటే తీసి
పాత పేపరు మడిచి లోపల కుక్కింది.
ఇంకా చోటు మిగిలింది.
అందులో బస్సు టికెట్టు,
ఇంటి తాళంచెవి.