నేనమ్మిన తూటా

కొర్లగుంట మలుపులో
ఆరడుగుల వెడల్పు అంగడి మాది.
మాది అంటే చెంగల్రాయులన్నది,
నాది స్టూలు ఒక్కటే.
రీచార్జీలు, పగిలిన అద్దాలు, ఇయర్‌ఫోన్లు,
ఈ మధ్య వజ్రాలు.

నవ్వద్దండి.
నూరు వజ్రాలు ఎనభై రూపాయలు.
చేతికి దొరకవు, చెవికి పెట్టుకోను రావు.
బడి వదిలినాక పిలకాయలు వస్తారు,
జేబుల్లో నలిగిన నోట్లు,
నోట్లకు రబ్బరు వాసన, చెమట వాసన,
ఒక్కోసారి వాళ్లమ్మ పోపుడబ్బా వాసన.
"అన్నా, నా ఐడీకి వేసెయ్" అంటారు.
వేస్తాను.
నూటికి నాకు నాలుగు మిగులుతుంది.

రాత్రి పదికి షట్టరు సగం దించి
నేనూ దిగుతాను ఆ దీవిలోకి.
రెండేళ్లు నేర్చిన చెయ్యి నాది.
ఏ గోడ వెనక ఎంతసేపు ఊపిరి బిగబట్టాలో,
అడుగు చప్పుడు మట్టి మీద ఎట్లుంటాదో
రేకు మీద ఎట్లుంటాదో
బొటనవేలు కాయ కాసేదాకా నేర్చుకున్నాను.

నిన్న ఆఖరికి ఇద్దరమే మిగిలినాము.
వాడు మైదానం నడిమిట్లో నిలబడి ఉండాడు,
దాక్కోను కూడా తెలియదు పాపం.
ఏడు తూటాలు కొట్టినాను,
ఏడూ తగిలినాయి.
వాడు ఒక్కటి కాల్చినాడు.
నా తెర బూడిదరంగుకు తిరిగింది.

వాడి తుపాకి మీద నిప్పులు కక్కే పాము.
ఆ పాము నాకు తెలుసు.
సాయంత్రం అయిదూ పదికి
నేనే అమ్మినాను దాన్ని,
ఆటో యుగంధర్ కొడుకు హేమాద్రికి.
ఏడు వందల తొంభై తొమ్మిది.
వాళ్ల నాయన ఫోను తెచ్చి స్కాన్ చేసినాడు.
నాయన అడిగితే ఏం చెప్తావురా అని
నేనడగలేదు.
నా చావుకు నాకు ముట్టిన కూలి
ముప్పై రెండు రూపాయలు.

ఈ ఊరికి వరసలు కొత్త కాదు.
కొండ మీద మూడు వందల వరస వేరే,
ఉచితం వరస వేరే.
ఉచితంలో పద్నాలుగు గంటలు కూర్చుని వచ్చి
మా అమ్మ కాళ్లు చాపుకుంటా అన్నది:
"ఏ దోవన పోయినా లోపల అదే తోపులాట రా,
అదే రెప్పపాటు."
ఆ మాట పట్టుకోని చానా దినాలు సర్దుకున్నాను.
దుడ్డుతో కొనేది కాలాన్నే గానీ
కంటిచూపును కాదు గదా అని.

చొక్కా కొనుక్కో, టోపీ కొనుక్కో,
వీపుకు రెక్కలు కొనుక్కో.
గంగజాతరకు వేషాలు కట్టే ఊరు మాది,
వేషానికి ఎవరేమంటారు?
గెలుపుకే ధర చీటీ కట్టి వేలాడదీస్తే
నా రెండేళ్ల బొటనవేలు
ఏ వరసలో నిలబడాల?

ఆ పద్నాలుగు గంటల్లో
అమ్మ పోగొట్టుకున్న కూలి మాట
అప్పుడు నాకు తట్టనేలేదు.
ఇప్పుడు, షట్టరు కింద కూర్చోని,
తడతా ఉంది.

పొద్దున్నే వచ్చినాడు హేమాద్రి,
బడి సంచీతోనే, మొహం వేలాడేసుకోని.
"రాత్రి అప్‌డేట్ వచ్చిందన్నా.
నా పాము కరవడం లేదు.
కొత్తది పద్నాలుగు వందలంట."
లోపల్నుంచి చెంగల్రాయులన్న
"ఖాతాలో రాసుకోరా, పిల్లోడు ఎక్కడికి పోతాడు" అన్నాడు.

పుస్తకం తెరిచినాను.
పెన్ను మూత తీసినాను.
రాత్రి నువ్వు చంపింది నన్నేరా అని
చెప్పలేదు వాడికి.
"మట్టి మీద అడుగు ఎట్లా వినపడతాదో
తెలుసునా నీకు?" అన్నాను.
తల అడ్డంగా ఊపినాడు.
ఇయర్‌ఫోను ఒకటి వాడి చెవిలో పెట్టినాను,
ఒకటి నా చెవిలో.

ఎనిమిది నిమిషాలు.
దాక్కున్నాడు, దొరికిపోయినాడు,
మళ్లీ దాక్కున్నాడు,
ఒకసారి ఊపిరి కూడా బిగబట్టినాడు నిజంగానే.
అంతలో బడి గంట.
చెవిలోది పెరుక్కోని పరిగెత్తినాడు.

పుస్తకంలో వాడి పేరు రాసి ఉంది,
ఎదురుగా అంకె లేదు.
నాలుగున్నరకు మళ్లీ వస్తాడు.
దేనికి వస్తాడో
నాకు తెలియదు.