నాలుగో మెట్టు

రెండు మందులకీ ఇంకా పేర్లు పెట్టలేదు.
ఒకదానికి మూడక్షరాలు, నాలుగంకెలు.
ఇంకోదానికి అంకెలే.
అందుకని నేనే పెట్టాను.
నరంలోకి ఎక్కేది జుల్మీరా,
మింగేది ఎర్మెలిండా.
మా మేనత్తలు. ఉప్పూ నిప్పూ.
విడివిడిగా ఇద్దరూ మంచివాళ్ళే.
ఒకే వంటింట్లో నిలబెడితే ఏమవుతుందో
మతుజీన్యుష్‌లో ఎవరూ చూసే ధైర్యం చెయ్యలేదు.
డాక్టరూ అదే అన్నాడు:
ఒక్కొక్కటీ తెలుసు మాకు. కలిస్తే తెలీదు.

కాగితాలు ఇరవై ఆరు పేజీలు.
ముప్పై ఒక్కేళ్ళు చేపల ఫ్యాక్టరీలో
డబ్బాల అతుకులు చూసినదాన్ని,
అక్షరం వదల్లేదు.
పదకొండో పేజీలో ఉంది,
"దీనివల్ల మీకు మేలు జరగకపోవచ్చు."
నచ్చింది నాకా వాక్యం.
రొమ్ము దాటి ఎముకల్లోకీ కాలేయంలోకీ పాకిందని తెలిసినప్పట్నుంచీ
ఇంత బోసిగా నాతో మాట్లాడినవాళ్ళు లేరు.

ఫ్యాక్టరీలో ప్రతి లాటుకీ ఒక డబ్బా పక్కకి తీసేవాళ్ళం.
కోసి, వాసన చూసి, నాలిక మీద పెట్టుకుని
పారేసేవాళ్ళం.
మిగతావి ఓడెక్కేవి.
ఆ ఒక్కటీ దండగ అని ఎప్పుడూ అనుకోలేదు.
అసలు దాని గురించి అనుకోనే లేదు,
సంతకం పెట్టేదాకా.

నర్సు అన్సెల్మూ వేళ్ళ మీద లెక్క చెప్పాడు.
మెట్టుకి ముగ్గురు.
ముగ్గురూ నిలబడితే
పై మెట్టు మీద ఇంకో ముగ్గురు, ఇంకాస్త మోతాదు.
మీది నాలుగోది.
అంటే నా కింద తొమ్మిదిమంది.
మొదటి మెట్టువాళ్ళకి ఇచ్చింది
గడ్డని గిల్లడానికైనా చాలి ఉండదు.
చాలదని తెలియడానికే వాళ్ళు కావలసొచ్చారు.
పేర్లడిగాను.
అతను టేపు చింపుతూ ఉండిపోయాడు.

మందెక్కాక అరగంటకి ఒక గొట్టం నెత్తురు.
గంటకి ఒకటి. రెండు, నాలుగు, ఎనిమిది.
నా గడియారం కూసిన ఐదు నిమిషాలకి
తెర అవతల ఇంకోటి కూసేది.
ఆడమనిషి దగ్గు. రబ్బరు చెప్పులు.
నిమ్మబిళ్ళ పళ్ళకి తగిలే చప్పుడు.
నా మెట్టు మీద మనిషి గురించి
నాకు తెలిసిందింతే.

మూడో వారం నాది కూసింది.
ఐదు నిమిషాలు చూశాను.
పది.
అన్సెల్మూని అడగలేదు, అడిగినా చెప్పకూడదతను.
నేను కోటు తొడుక్కుంటుంటే
కాగితాలకేసి చూస్తూ అన్నాడు:
పైకి వెళ్ళడం లేదు. ఇదే మోతాదులో ఇంకో ముగ్గుర్ని తీసుకుంటున్నాం.

పద్నాలుగో పేజీ.
ముగ్గురిలో ఒకరు జారితే, అదే మెట్టు మీద మరో ముగ్గురు.
నేను జారలేదు.

ఆ సాయంత్రం మా వీధి చివర బొగ్గుల మీద సార్డీన్లు కాలుస్తున్నారు.
కొనుక్కుని నోట్లో పెడితే రేకు రుచి.
ఎర్మెలిండా పని. లేకపోతే జుల్మీరాది.
ఇద్దర్లో ఎవరూ ఒప్పుకోరు.
నిలబడే తిన్నాను, ముల్లుతో సహా,
నిమ్మబిళ్ళ చప్పుడు చెవిలో పెట్టుకుని.

ఎనిమిదో వారం స్కాన్‌లో
కాలేయం మీద మచ్చ నాలుగు మిల్లీమీటర్లు తగ్గింది.
"స్థిరం" అని రాశాడు డాక్టరు.
వాళ్ళ లెక్కలో నాలుగు మిల్లీమీటర్లు ఏమీ కాదట.
ఇంటికెళ్ళి స్కేలు తీసి చూశాను.
చేప కన్నంత.

ఇవాళ తెర అవతల కొత్త గడియారం.
నాకూ దానికీ రెండు నిమిషాలే తేడా.
సూది ముందు ఎవరో గట్టిగా గాలి పీల్చారు.
"ముందు చెయ్యి వేణ్ణీళ్ళ సంచి మీద పెట్టుకోండి,"
అన్నాను తెరతో,
"నరం దానంతటదే లేస్తుంది."
కాసేపు ఏమీ లేదు.
తర్వాత, నేననుకోని మగ గొంతు:
"మీది ఏ మెట్టు?"

ఇదే, అన్నాను.