అరవై రెండు శాతం దగ్గర

మొదటిసారి ఆరిపోయినప్పుడు
తప్పు వీధి కరెంటుదే అనుకున్నాను.
ఉలాన్‌బాతర్ ఉత్తరపు గుట్టల మీద, జనవరి రాత్రి,
గుడారానికో హీటరు మూలుగుతుంటే
ఆ ఒక్క తీగ ఎంతకని మోస్తుంది?

కానీ బల్బు వెలుగుతూనే ఉంది.
కెటిల్లో పాల టీ బుసకొడుతూనే ఉంది.
నా కంప్యూటర్ ఒక్కటే,
మాట మధ్యలో లేచి వెళ్ళిపోయిన మనిషిలా
చెప్పాపెట్టకుండా చీకటైంది.

తెర మీద అప్పుడే
బిల్గూన్‌గాడికి మొదటి జుట్టు తీసే వేడుక.
నీలి పట్టుగుడ్డ కట్టిన కత్తెర ఎత్తాడు వాళ్ళ తాత,
చెవి పక్కన ఒక పాయ వేళ్ళ మధ్యకు తీసుకున్నాడు,
అంతే.
మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అక్కడే,
అరవై రెండు శాతం దగ్గర.
కత్తెర గాల్లోనే ఉంది.
వాళ్ళమ్మ ఫోన్ మీద ఫోన్.

ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాను.
పక్క మూత ఊడదీసి చల్లగాలి పెట్టాను
(బయట మైనస్ ముప్పై, చల్లగాలికేం కొదవ).
విండోస్ మళ్ళీ వేశాను. కొండనాలుకకు మందేస్తే
ఉన్న నాలుక ఊడినట్టు
ఏళ్ళ తరబడి పోగేసుకున్న ఫాంట్లన్నీ పోయాయి.
ఉత్తరం టైపు చేస్తే బుద్ధిగా ఉంటుంది.
పేకాట ఆడితే తెల్లవార్లూ మేలుకుంటుంది.
వీడియో కుట్టమంటేనే
ప్రాణం విడుస్తుంది.

కింది మలుపులో ఉండే గొంబోసురెన్ వచ్చాడు,
ముప్పై ఏళ్ళు కరెంటు ఫ్యాక్టరీలో చేసినవాడు.
టోపీ తీయకుండానే మోకాళ్ళ మీద కూర్చుని
వెనక ఫ్యాన్ దగ్గర ముక్కు పెట్టాడు.
"మాడిన చేప. ముందు ముక్కు, తర్వాతే మీటరు."

పసుపు తీగకు సూది ఆనించాడు.
పన్నెండు పాయింట్ ఒకటి.
హమ్మయ్య అనబోయాను.
"ఖాళీగా కూర్చుంటే అందరూ పన్నెండే అమ్మాయీ.
పని చెప్పు."

చెప్పాను.
పదకొండు పాయింట్ ఎనిమిది.
పదకొండు పాయింట్ నాలుగు. "ఇంతవరకే హద్దు," అన్నాడు.
పదకొండు.
మంచు మెట్ల మీద ముసలమ్మ దిగినట్టు
అంకె ఆగి, తడుముకుని, మళ్ళీ దిగింది.
పది పాయింట్ ఏడు చూశామో లేదో
గది నల్లబడింది.

నాలుగు మరలు విప్పితే చేతిలోకి వచ్చిన పెట్టె
మరమరాల పొట్లమంత తేలిక.
పైన బంగారు అక్షరాల్లో ఆరువందల వాట్లు.
పైన పటారం, లోన లొటారం.
స్క్రూడ్రైవర్ అందుకోబోతే నా చేతి మీద కొట్టాడు.
"దీన్ని తెరవకు. తీగ పీకినా లోపలి డబ్బాలు
కోపం దాచుకుంటాయి."
ఎడమచేతి చూపుడువేలు చూపించాడు. గోరు లేదు.

పాత పేపరు పరిచి పెట్టెను బోర్లించి తట్టాను.
జాలీలోంచి నల్లగా రాలింది బొగ్గు మసి,
కాటుకంత మెత్తగా, గుప్పెడు పైనే.
ఐదు చలికాలాలు
మేం పీల్చిందే అదీ పీల్చింది.

గొంబోసురెన్ దాన్ని చాలాసేపు చూశాడు.
దగ్గాడు. మళ్ళీ దగ్గాడు.
"నాకూ ఇంతే," అన్నాడు, "కూర్చుంటే ఏమీ లేదు.
బస్తా ఎత్తితేనే."
మీటరు తీగలు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు బజారులో
పేర్లు చదవడం మానేసి, పుచ్చకాయలు ఎంచినట్టు
బరువు చూసి కొన్నాను. రెండు పెళ్ళిళ్ళ డబ్బు పోయింది.
సాయంత్రం అతనొచ్చి పక్కన కూర్చున్నాడు, చూస్తానని.

అరవై.
అరవై ఒకటి.
ఇద్దరం టీ తాగడం ఆపేశాం.
అరవై రెండు, అరవై మూడు.
తాత కత్తెర పడింది. పాయ తెగింది.
బిల్గూన్‌గాడు ఏడవలేదు, ఆశ్చర్యపోయాడు.

ఈ చలికాలం మీ బొగ్గు బస్తా నేను మోస్తానన్నాను.
గొంబోసురెన్ టోపీ కిందికి లాక్కుని
తెర కేసే చూస్తూ,
"ముందు ఆ పక్క మూత బిగించు," అన్నాడు,
"మసి పోతోంది."